ఏరు దాటాక కూడా...

కష్టం వచ్చినప్పుడు దేవుడు గుర్తుకు రాని ఇల్లాలు ఉంటుందా? పిల్లవాడికి జ్వరం తగ్గకపోయినా, ఇంటాయన ఉద్యోగం ఊగిసలాడుతున్నా మన చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. మరి జ్వరం తగ్గి, ఉద్యోగం నిలబడ్డాక ఆ ప్రార్థన ఎన్నాళ్ళు సాగుతుంది? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దలు ఊరికే అనలేదు!

మా క్రైస్తవ కుటుంబాల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి గుడిలో కాలు పెట్టడానికి చోటుండదు. ఈ ఏడాది రోజూ బైబిలు చదువుతాం, కుటుంబ ప్రార్థన మానం అని తీర్మానాలు చేసుకుంటాం. సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ అయ్యేసరికి ఆ తీర్మానాలూ ఖాళీ. మళ్ళీ శ్రమదినాలు 40 రోజులూ ఉపవాసాలు, ఈస్టరు దాటగానే మామూలే. తర్వాత ఉజ్జీవ కూటాలు, కన్నీళ్ళు, ఇంకో తీర్మానం... గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతుంటాం. "ఇక నా వల్ల కాదు, దేవుడు కూడా విసిగిపోయి ఉంటాడు" అని మానేసినవాళ్ళు కూడా ఉన్నారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఈ చక్రం కొత్తదేమీ కాదు. బైబిల్లో 'న్యాయాధిపతులు' అనే గ్రంథం నిండా ఇదే కథ. ఇశ్రాయేలు జనం దేవుణ్ణి మరిచిపోతారు. శత్రువుల చేతిలో చిక్కుతారు. మొరపెట్టుకుంటారు. దేవుడు ఒక నాయకుణ్ణి పంపి విడిపిస్తాడు. కొన్నాళ్ళు నెమ్మది. మళ్ళీ మరుపు. ఒకసారి పాలపద్దు కూడినట్టు ఆ ఏళ్ళన్నీ కూడి చూశాను. ఒత్నీయేలు రాకముందు 8 ఏళ్ళు, ఏహూదుకి ముందు 18, దెబోరాకి ముందు 20, గిద్యోనుకి ముందు 7. శత్రువుల కింద నలిగింది మొత్తం 53 ఏళ్ళు. విడుదలయ్యాక నెమ్మదిగా బతికింది వరసగా 40, 80, 40, 40. అంటే 200 ఏళ్ళు!

మరి వాళ్ళు జారిపోయింది ఎప్పుడంటారు? నలిగిన ఆ 53 ఏళ్ళలో కాదు. కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయిన రోజుల్లోనే మరుపు మొదలైంది. అంతెందుకు, గిద్యోను అంతటివాడే యుద్ధం గెలిచాక, దొరికిన బంగారు పోగులతో ఏఫోదు చేయించి తన ఊళ్ళో పెట్టుకున్నాడు. జనం దేవుణ్ణి వదిలి దాని చుట్టూ తిరిగారు. ఓడిపోయినప్పుడు రాని చిక్కు గెలిచాక వచ్చింది.

మనం ఏడ్చిన రోజున మారిపోయాం అనుకుంటాం. ఏడుపు వెనక్కి తీసుకొస్తుంది, నిజమే. కానీ నిలబడటం నేర్చుకోవలసింది ఏడుపు రాని రోజుల్లో.

మా వీధిలో నాకు చెల్లెలు లాంటి అమ్మాయి ఉంది. ఆమె భర్త తాపీ మేస్త్రి. మనిషి మంచివాడే, తాగుడు వదలదు. ఏటా ఉజ్జీవ కూటాల్లో ముందుకెళ్ళి మోకరించి ఏడ్చేవాడు, సాక్ష్యం చెప్పేవాడు. రెండు మూడు నెలలు ఇల్లు ఇల్లులా ఉండేది. మళ్ళీ మొదలు. నాలుగో ఏడు ఆయన సాక్ష్యానికి లేవగానే, పదమూడేళ్ళ కూతురు లేచి బయటికి వెళ్ళిపోయింది. "అక్కా, ఆయన తాగుడు సంగతి అటుంచు. ఈ ఏడుపులు చూసీ చూసీ నా పిల్లకి దేవుడంటేనే నమ్మకం పోతోంది" అందా తల్లి. ఆ మాట నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఆ తర్వాత ఆమె ఒక పని చేసింది. ఆయన తాగి వచ్చిన రోజులన్నీ కేలండరు మీద గుర్తు పెట్టింది. పని దొరకని వారాల్లో ఒక్క గుర్తూ లేదు. దాదాపు అన్నీ శనివారాలే. కూలి డబ్బు చేతికొచ్చే రోజు! భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఆదివారం చేసుకునే కుటుంబ ప్రార్థన శనివారం సాయంత్రానికి మార్చారు. ఆమె పని దగ్గరికే వెళ్తుంది, ఇద్దరూ కలిసి కూరగాయలు కొనుక్కుని ఇంటికొస్తారు. సంఘంలో ఒక పెద్దాయన ఆ పూట వచ్చి కాసేపు కూర్చుని వెళ్తాడు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళారు. బాగా అలవాటుపడ్డవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వంటివి రావచ్చు. ప్రార్థన చేస్తున్నాం కదా అని వైద్యం మానకూడదు.

ఇప్పటికి మూడేళ్ళయింది. మధ్యలో ఒక్కసారి జారాడు. అయితే మళ్ళీ ఏటి కూటాల దాకా ఆగలేదు. మర్నాడే తల దించుకుని గుడికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. "ఈసారి నమ్మొచ్చేమోనమ్మా" అందట కూతురు. చక్రం తెగడమంటే ఎన్నడూ జారకపోవడమే కాదు, జారిన మర్నాడే లేచి రావడం కూడా.

మా అమ్మ అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేది. నెలాఖరుకి అది గుడికి చేరేది. పండగ రోజైనా పిడికెడే, డబ్బాలో బియ్యం అడుగంటిన రోజైనా పిడికెడే. ఆవేశంలో బస్తా ఇచ్చి ఆర్నెల్లు మరిచిపోవడంకన్నా ఈ పిడికెడు మేలని నాకనిపిస్తుంది. రోజూ గంటసేపు ప్రార్థన చేస్తానని మొక్కుకోవద్దు. స్టవ్ వెలిగించేముందు రెండు నిమిషాలు చాలు, మానకుండా చేయండి. కష్టం తీరిన రోజున "ఇది తీరింది, వందనాలు" అని తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. పిల్లల చేత చదివించండి. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే కృతజ్ఞత చెప్పడానికి వెనక్కొచ్చింది ఒక్కడేనని లూకా సువార్త చెబుతుంది. ఆ ఒక్కరం మనం కావాలి.

ఇంకో మాట. తిరిగొచ్చినవాళ్ళని మనం ఎలా చూస్తున్నాం? "ఏం, మళ్ళీ గుర్తొచ్చిందా దేవుడు?" అనే ఒక్క దెప్పుమాట చాలు, గుమ్మం దాకా వచ్చినవాళ్ళు వెనక్కి పోవడానికి. పేతురు నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ ప్రభువెవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. తర్వాత ప్రభువు ఏం చేశాడు? సముద్రపు ఒడ్డున నిప్పుల మీద చేపలు సిద్ధంచేసి, రొట్టెతో ముందు కడుపు నింపాడు. ప్రేమిస్తున్నావా అని ఆ తర్వాతే మూడుసార్లు అడిగి, చేయడానికి ఒక పని అప్పగించాడు. ఆకలితో వచ్చినవాళ్ళకి ముందు అన్నం పెట్టాలని మనకి ఒకరు చెప్పాలా?

మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఇవాళ ఇంట్లో అందరూ క్షేమంగా ఉంటే అదే మంచి రోజనుకోండి. మొదలుపెట్టడానికి ఇంకో కష్టం వచ్చేదాకా ఆగొద్దు. ఏమంటారు?