నోరులేని జీవి తరఫున నిర్ణయం

జీఎస్-4లో కేస్ స్టడీ రాగానే మనం మొదట రాసేది స్టేక్‌హోల్డర్ల జాబితా. అందులో ఎవరేం కోరుకుంటున్నారో రాస్తాం. కానీ ఆ స్టేక్‌హోల్డర్ నోరు విప్పి చెప్పలేని జీవి అయితే? మా ఇంట్లో 14 ఏళ్ల కుక్క జిమ్మీ విషయంలో మాకు ఎదురైన ప్రశ్న ఇదే. దానికి మూత్రపిండాలు పాడయ్యాయి. సెలైన్ పెట్టిస్తే రెండు రోజులు లేచి తిరిగేది, మూడో రోజు మళ్లీ అన్నం ముట్టేది కాదు. "నయం కాదండీ. ఇక ఎప్పుడన్నది మీరే చెప్పాలి" అన్నారు డాక్టరు గారు.

మీరైనా నాలాగే ముందు చట్టమే వెతుకుతారు. 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు మనుషులకు పాసివ్ యూథనేసియాను, లివింగ్ విల్‌ను అనుమతించింది. 2023లో ఆ విధానాన్ని కొంత సులభం చేసింది. చికిత్స ఆపవచ్చు, ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇస్తే మాత్రం నేరమే. లివింగ్ విల్ అంటే రోగి తన ఇష్టాన్ని ముందే రాసి పెట్టుకోవడం. జంతువుల దగ్గర ఇదంతా తలకిందులు. ఇంజెక్షన్ ఇవ్వవచ్చు, దాని ఇష్టం మాత్రం తెలియదు. బతికి ఉంచడమే క్రూరత్వమయ్యే పరిస్థితి ఉంటుందని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మన ఇంటి కుక్కకు ఆ పరిస్థితి ఏ రోజున వచ్చిందో ఏ సెక్షనూ చెప్పదు.

అమ్మ "పాపం తగులుతుంది" అంది. ఆమెకు 1928లో సబర్మతి ఆశ్రమంలో జరిగింది చెప్పాను. నయం కాని జబ్బుతో విలవిల్లాడుతున్న దూడకు గాంధీ దగ్గరుండి ఇంజెక్షన్ ఇప్పించారు. పెద్ద దుమారం రేగింది. అయినా అది అహింసేనని ఆయన పత్రికలో రాసి మరీ సమర్థించుకున్నారు. (అహింస మీద సమాధానం రాసేటప్పుడు ఈ ఉదాహరణ వాడండి. చంపకపోవడం ఒక్కటే అహింస కాదని చూపడానికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.) అమ్మ అంతా విని, "ఆ దూడ బాధ కళ్లకు కనపడింది. ఇది నిన్న సాయంత్రం తోక ఊపింది కదరా" అంది. ఆ మాటకు నా నోట్స్‌లో జవాబు లేదు.

దారి చూపింది నాన్న. గోడ మీది క్యాలెండర్లో, అది తిని, తనంతట తాను గేటు దాకా నడిచిన రోజున టిక్కు పెట్టేవారు. లేకపోతే సున్నా. మనం రివిజన్‌కు పెట్టుకునే లెక్కలాంటిదే. ఇది ఎందుకు అవసరమో ఆలోచించండి. తోక ఊపిన ఒక్క సాయంత్రం చూసి ఇంకో నెల సాగదీస్తాం. రాత్రంతా నేల తుడిచి విసుగెత్తిన రోజున, దాని బాధ చూడలేకపోతున్నామని మనకు మనమే చెప్పుకుంటాం. రెండింటిలోనూ తేలేది మన సంగతే. క్యాలెండర్ దాని సంగతి చెప్పింది. ఒక వారంలో ఐదు సున్నాలు వచ్చాయి, మరుసటి వారం ఏడూ సున్నాలే.

డాక్టరు గారు ఇంటికే వచ్చారు. ముందు మత్తు ఇచ్చి, తర్వాత గుండె ఆపే మందు ఇస్తామని వివరంగా చెప్పారు. అక్కడ ఉండలేనన్న అమ్మే, చివరిదాకా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.