ఆ ‘లేదంటే’లో మనవాళ్లే ఉన్నారు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు సముద్రం లేదు. కానీ ఓడల పొగ పీల్చినవాళ్లు మాత్రం ఉన్నారు. గల్ఫ్‌కు పోయి పోర్టుల్లో పనిచేసి వచ్చినవాళ్లు. మా చిన్నాయన ఎనిమిదేళ్లు యూఏఈలోని ఫుజైరా పోర్టులో పనిచేసి, 2018లో కోరుట్లకు వచ్చేశారు. అక్కడ ఎట్లుండేదని అడిగితే, “గాలి ఆడని రోజు అగ్గిపుల్ల గీసి ముక్కు కాడ పెట్టుకున్నట్టే ఉండేదిరా” అంటారు.

ఆయన పోలిక కరెక్టే. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు, ఓడ పొగలోని ఘాటు రెండూ సల్ఫర్ డయాక్సైడ్‌వే. అది పీలిస్తే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇంకా కష్టం. గాలిలో అది సన్నని రేణువులుగా మారి చాలా దూరం పోతుంది.

ఇంత సల్ఫర్ ఎక్కడిది? రిఫైనరీలో పెట్రోలు, డీజిల్ తీసేశాక అడుగున నల్లటి మడ్డి మిగులుతుంది. ఓడలు ఏళ్ల తరబడి కాల్చింది దాన్నే. అందులో టన్నుకు 35 కిలోల దాకా సల్ఫర్ ఉండొచ్చని రూల్. మన బైకులు, కార్లకు 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఇంధనంలో అయితే టన్నుకు 10 గ్రాములే!

2020 జనవరి 1న అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) ఆ 35 కిలోలను 5 కిలోలకు దించింది. దీన్ని 2025 దాకా వాయిదా వేస్తే 5.7 లక్షలకు పైగా అకాల మరణాలు అదనంగా జరుగుతాయని 2016లో ఐఎంఓకు అందిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. కొన్ని ఓడలు పాత మడ్డినే వాడుతూ, పొగను సముద్రపు నీళ్లతో కడిగి ఆ నీళ్లను మళ్లీ సముద్రంలోకే వదిలే పద్ధతి పట్టాయి. ఫుజైరా, సింగపూర్ తమ పోర్టుల్లో ఆ నీళ్లు వదలడాన్ని నిషేధించాయి.

కథ ఇక్కడితో అయిపోలేదు. బాల్టిక్, నార్త్ సీ, ఉత్తర అమెరికా తీరాల్లో 2015 నుంచే హద్దు 1 కిలో. మధ్యధరా సముద్రంలో 2025 మే నుంచి అంతే. మన తీరం, గల్ఫ్ తీరం ఆ జాబితాలో లేవు. ఓడ అదే, ఇంజిన్ అదే. ఆ గీత దాటేముందు మంచి ఇంధనానికి మారుతుంది, బయటికొచ్చాక మామూలు దానికి.

మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇది ఇఫ్-ఎల్స్. లొకేషన్ యూరప్ అయితే 1 కిలో, లేదంటే 5. ఆ ‘లేదంటే’లో విశాఖ ఉంది, ఫుజైరా ఉంది, అక్కడ పనిచేసే మనవాళ్లున్నారు.

శుభ్రమైన ఇంధనానికి ధర ఎక్కువ. రవాణా ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. యూరప్‌కూ అంతే పెరిగింది, అయినా వాళ్లు భరిస్తున్నారు. ఈ గీత ఎవరో వచ్చి గీసిపెట్టేది కాదు. తీరం ఉన్న దేశాలే ఐఎంఓకు ప్రతిపాదన పెట్టి గీయించుకుంటాయి. మన దేశం కూడా ఆ ప్రతిపాదన పెట్టాలి. గల్ఫ్ దేశాలతో మాట్లాడేటప్పుడు వీసాలు, జీతాలతో పాటు మనవాళ్లు పీల్చే గాలి గురించి కూడా అడగాలి.