బేరింగ్ నంబరు

మొన్న రాత్రి భిలాయి హత్‌ఖోజ్‌లో మా షెడ్డు క్రేను మోటారు బేరింగ్ పోయింది. కిందటిసారి ఏ నంబరు వేశామో రిజిస్టర్‌లో వెతికితే, ఆ పేజీ గ్రీజు మరకల్లో కలిసిపోయింది. చివరికి శ్రీకాకుళంలో ఉంటున్న మా పాత ఫోర్‌మన్‌గారిని నిద్ర లేపాను. "గేర్‌బాక్స్ వైపు 6310, ఫ్యాన్ వైపు 6308 బాబూ" అన్నారు. తడుముకోలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన బుర్రలో ఉన్నదంతా ఏళ్ళ తరబడి మేమెక్కడా పదిలంగా రాసుకోలేదు!

అందుకే మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ చూస్తున్నాం. శాప్, మాక్సిమో పెద్ద ప్లాంట్లకు బావుంటాయి, ముప్ఫై మెషీన్ల షెడ్డుకి అంత బరువు అక్కర్లేదు. డెమోల్లో రంగురంగుల గ్రాఫులు చూపిస్తారు. నేను అడిగేవి వేరు. నైట్ షిఫ్ట్ ఫిట్టర్ తన ఫోన్లో హిందీలో రెండు ముక్కలు కొట్టి, పాడైన భాగం ఫొటో పెట్టగలడా? షెడ్డులో సిగ్నల్ లేకపోయినా పని చేస్తుందా? రేపు మేం వేరేదానికి మారితే మా రికార్డంతా ఎక్సెల్‌లో మా చేతికొస్తుందా? మూడోదానికి చాలామంది నీళ్ళు నమిలారు.

1959లో సోవియట్ సాయంతో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఊరు మాది. యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండటం ఇక్కడ తాతల నాటి పని.

ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ముందు మెషీన్ల లిస్టు మనమే రాయాలి. చాలా మోటార్ల నేమ్‌ప్లేట్ల మీద పెయింటు కొట్టేశారు. నిన్నటి నుంచి థిన్నర్, గుడ్డ పట్టుకుని తుడుస్తున్నాను. పదకొండు అయ్యాయి.