ఆటోనగర్ డైరీ: మీటరు చెప్పని గంటలు

ఏప్రిల్ 6
శ్రీరామనవమి. విజయవాడ ఆటోనగర్‌లో సగం షెడ్లు మూసే ఉన్నాయి. మా మేస్త్రి షెడ్డులో మాత్రం రెండు బళ్లు బానెట్లు ఎత్తి, టాపెట్ కవర్లు ఊడదీసి ఉన్నాయి. రెండూ ఒకే మోడల్. ఒకటి ట్యాక్సీ, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగింది. రెండోది రిటైరైన ఆఫీసరు గారిది, అరవై వేలు. తొంగి చూస్తే ట్యాక్సీ ఇంజన్ లోపల ఇనుము తేనెరంగులో శుభ్రంగా ఉంది. ఆఫీసరు గారి ఇంజన్‌లో తారు పోసినట్టు నల్లటి మడ్డి.

మేస్త్రి నవ్వాడు. “ఆ డ్రైవరు బండిని చావబాదుతాడండీ. కానీ ఆయిల్ మార్చే టైము దాటనివ్వడు. ఈయన గుడికీ, బ్యాంకుకీ తప్ప బండి తీయరు. తిరగలేదుగా, సర్వీసింగ్ ఎందుకంటారు.”

ఏప్రిల్ 7
పెట్రోలు కాలితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. కాలని పెట్రోలూ కాస్త దిగుతుంది. బండి అరగంట ఆగకుండా నడిస్తే ఆయిల్ బాగా వేడెక్కి అవన్నీ ఆవిరై బయటికి పోతాయి. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే అక్కడే ఉండిపోయి, ఆయిల్‌ని పలచబరిచి, ఆమ్లాలు తయారుచేసి, చివరికి మడ్డి కడతాయి. కంపెనీ పుస్తకంలో ఉండేది “పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది” అనే తరహా షరతు. మనవాళ్లు కిలోమీటర్ల దగ్గరే చదవడం ఆపేస్తారు. అదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంటుంది: దుమ్ము రోడ్లు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, దగ్గర దగ్గర ప్రయాణాలు ఉంటే ఇంకా ముందే మార్చాలని. ఆ లెక్కన మన ఊళ్లలో ఆ పేజీ కిందికి రాని కారేది?

ఏప్రిల్ 10
ట్రాక్టరుకీ, జేసీబీకీ గంటల మీటరు ఉంటుంది. రైతు సర్వీసింగు గంటల లెక్కనే చేయిస్తాడు. కారుకి ఉన్నది కిలోమీటర్ల మీటరే. సిటీలో గంటకి ఇరవై సగటున అరవై వేలు తిరిగిన ఇంజన్ మూడు వేల గంటలు పనిచేసినట్టు. హైవే మీద అరవై సగటున మూడు లక్షలు తిరిగింది ఐదు వేల గంటలు. షెడ్డులోని రెండు బళ్లకీ మీటరు మీద ఐదింతల తేడా, గంటల్లో రెండింతలు కూడా లేదు. పైగా ట్యాక్సీ గంటల్లో చాలావరకు వేడెక్కిన ఇంజన్‌తో, ఒకే వేగంతో నడిచినవి. అరుగుదల ఎక్కువగా ఉండేది చల్లటి ఇంజన్‌లో, స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో.

ఏప్రిల్ 13
మేనల్లుడు ఫోను. “మామయ్యా, రెడ్‌లైన్ దాకా లాగితే ఇంజన్ పోతుందా?”

పోదురా, కానీ దానికీ ఓ ఖరీదుంటుంది. మూడు వేల ఆర్‌పీఎం నుంచి ఆరు వేలకి వెళ్తే పిస్టన్ దిశ మారే ప్రతిసారీ కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలు. వేగం వర్గంతో పెరుగుతుంది. కంపెనీ వాళ్లు ఆ లెక్క వేసుకునే ఎర్రగీత గీశారు. ఆయిల్ మంచిదై, ఇంజన్ వేడెక్కి ఉంటే అప్పుడప్పుడూ అక్కడిదాకా వెళ్లినా తట్టుకుంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి వీధి మలుపు తిరగకముందే తొక్కడమే తప్పు. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకి వచ్చినా నమ్మకు, అది చూపించేది నీళ్ల వేడి. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైము పడుతుంది. ఇంకోటి: ఎర్రగీత దాటనివ్వని రెవ్ లిమిటర్ ఉందన్న ధైర్యం గేరు దించేటప్పుడు పనికిరాదు. వంద మీద నాలుగుకి బదులు రెండులో వేస్తే ఇంజన్‌ని తిప్పేవి చక్రాలు. వాటికి లిమిటర్ లేదు.

ఏప్రిల్ 14
అసలు బాదుడంటే 1980లలో ఫార్ములా వన్. ఒకటిన్నర లీటరు టర్బో ఇంజన్‌తో వెయ్యి హార్స్‌పవర్ దాటించేవాళ్లు, క్వాలిఫైయింగ్ రోజు కొన్ని ల్యాపుల కోసం. తర్వాత ఆ ఇంజన్ పనికొచ్చేది కాదు.

ఏప్రిల్ 19
అనంతగిరి ఘాట్. ముందున్న కారు ఎత్తులో పై గేరులోనే ఈడుస్తోంది, ఇంజన్ టకటకమంటోంది. మైలేజీ కోసమట! తక్కువ ఆర్‌పీఎంలో బరువంతా మోస్తుంటే బేరింగుల దగ్గర ఆయిల్ పొర పలచబడుతుంది, పెట్రోలు సమయం తప్పి పేలుతుంది. దీన్ని ఎవరూ రఫ్ డ్రైవింగ్ అనరు. నా దృష్టిలో ఎత్తులో గేరు మార్చి నాలుగు వేల మీద గట్టిగా ఎక్కించిన కుర్రాడే ఇంజన్‌కి మేలు చేసినవాడు.

ఏప్రిల్ 27
అర్వ్ గోర్డన్ గురించి చదివాను. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో సైన్సు మాస్టారు. 1966లో కొన్న వోల్వో పీ1800తో 2013లో ముప్ఫై లక్షల మైళ్లు, అంటే దాదాపు 48 లక్షల కిలోమీటర్లు పూర్తిచేశాడు. 2018లో పోయాడు. ఆయన బడికి రానుపోను రోజూ 125 మైళ్లు. అంత దూరం ఉండటమే ఇంజన్‌కి కలిసొచ్చిందని నా అభిప్రాయం. మహిమేమీ లేదు, మూడు మూడున్నర వేల మైళ్లకోసారి ఆయిల్ మార్చేవాడు, పుస్తకంలో చెప్పింది చేసేవాడు.

మే 5
ఎండలు ముదిరాయి, హెడ్ గాస్కెట్ల సీజన్. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తారు. లవణాలు రేడియేటర్ సందుల్లో పేరుకుంటాయి. వేడెక్కగానే రోడ్డు పక్క మెకానిక్ “థర్మోస్టాట్ పీకేద్దాం సార్” అంటాడు. పీకేస్తే ఆ రోజుకి ముల్లు దిగొచ్చు, తర్వాత హైవే మీద ఇంజన్ చాలినంత వేడెక్కకుండానే అరుగుతుంది. ముల్లు ఎర్రగీతలోకి వెళ్లినా “ఇంకో ఐదు కిలోమీటర్లే” అని నడిపితే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. ఇది పదేళ్ల రఫ్ డ్రైవింగ్ చేయలేని పని.

మే 11
మేనల్లుడు పాత బండి కొంటున్నాడు. నలభై వేలే తిరిగిందని మురిసిపోతున్నాడు. మీటరు వెనక్కి తిప్పేవాళ్లు ఊరికి నలుగురున్నారు కాబట్టి అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నా. ఆయిల్ పోసే మూత విప్పి కింద మడ్డి ఉందేమో చూడండి. బండిని మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి, చల్లటి ఇంజన్ మీదే మొదటి పొగ చూడండి, నీలంగా వస్తే ఆయిల్ తాగుతున్నట్టే. సర్వీసింగ్ బిల్లులు తారీఖులతో సహా అడగండి. బిల్లుల్లేని నలభై వేల బండి కన్నా, బిల్లులున్న లక్షన్నర బండి కొనుక్కోండి.