చీకటికి పేర్లు

మన రాజపాళయపు వీథిలో దీపము లారిపోయినచో ‘ఇరుట్టు’ అను కేక వినబడును. గడప దాటి లోపలికి వచ్చినచో అదియే ‘చీకటి’ యగును. రెండు పేర్లును మనకు ఉగ్గుపాలతో వచ్చినవి గనుక వానిని గూర్చి మనము తలపోయము.

ఆంధ్రదేశమునుండి మా యింటికి వచ్చిన బంధువొకరు మా తమ్ముని నోట ‘ఇరులు’ అను మాట విని, “ఇదేమి గ్రామ్యము! అరవము కలిసిన తెలుగు!” అని నవ్విరి. ఆ పిల్లవాడు వారున్న మూడు దినములును తెలుగున నోరు విప్పలేదు. ఏ మడిగినను తమిళముననే బదులు చెప్పెను. కొన్ని శతాబ్దములుగా ఇండ్లలో నిలుపుకొన్న భాష ఒక నవ్వుతో మూడు దినములు మూగవోయినది. నాకది చిన్న సంగతిగా తోచలేదు.

‘ఇరులు’ అచ్చమైన తెలుగు మాట. పూర్వకవులు వాడినదే. 1885లో వెలువడిన శబ్దరత్నాకరమునందు చీకటి యను అర్థముతో నున్నది. తమిళమున ‘ఇరుళ్’ చీకటి; కన్నడమున ‘ఇరుళు’ రాత్రి. ఇవి అక్కచెల్లెండ్రు, ఒకరి సొమ్ము నొకరు దొంగిలినవారు గారు. మా తమ్ముడు దానిని ప్రబంధమునుండి గాక వీథినుండియే తెచ్చియుండును. ఐన నేమి? ఆంధ్రదేశపు వాడుకలో మరుగుపడిన మాట మన పొరుగింట బ్రతికి యున్నది.

ఇంగ్లీషువారికిని ఇట్టి గతియే పట్టినది. సుమారు వేయేండ్లనాటి వ్రాతప్రతిలో నిలిచిన ‘బేవుల్ఫ్’ కావ్యమున చీకటికి ‘థేయొస్త్రు’, ‘హెయొల్స్టర్’ అను మాటలు గలవు. రెండవదానికి దాగుచోటు అనియు నర్థము. నేటి ఇంగ్లీషున ఆ రెండును లేవు. ‘డార్క్’ మాత్రము నిలిచినది. కాని మొదటిదాని చుట్టము పొరుగున జర్మనుభాషలో ‘డ్యూస్టర్’ అను రూపమున నేటికిని వాడుకలో నున్నది. దానిని పలికిన జర్మను బాలుని ఎవరైన నవ్వుదురా?

ఇక ‘గ్రామ్యము’ మాట. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని భాషను నాలుగు తెఱగులుగా విభజించెను. లక్షణమునకు విరుద్ధమైనదానిని గ్రామ్యమనెనే గాని బూతును గ్రామ్యమనలేదు. కావ్యప్రకాశమున మమ్మటుడును అశ్లీలమును గ్రామ్యమును వేర్వేరు దోషములుగానే లెక్కించెను. ఐనను వాడుకలో గ్రామ్యమనగా మోటు, మోటనగా సిగ్గుచేటు అయినది. ఇంగ్లీషున ‘వల్గర్’ అనుమాట లాటినున సామాన్యజనమును దెలుపు పదమునుండియే పుట్టినది; ‘విలన్’ మొదట పల్లెటూరి సేద్యగాడు! పల్లెవారు చేసిన నేరమేమో తెలియదు గాని, పట్టణములవారు తిట్లన్నియు వారి పేరనే వ్రాసికొనిరి.

మాట మోటగుట చూడవలెనన్న వాసనను చూడుడు. 1066లో నార్మనులు ఇంగ్లండును గెలిచిన పిమ్మట ఫ్రెంచిమాటలు కొలువెక్కినవి. మునుపు మంచివాసనకును చెడ్డవాసనకును చెల్లిన ‘స్టెంచ్’ నేడు దుర్గంధమే. మన ‘కంపు’ సైతము ఒకప్పుడు రెంటికిని చెల్లెను. కన్నడమున నేటికిని పరిమళమే. తెలుగున పరిమళము, సువాసన మొదలగు సంస్కృతపదములు మంచి పాలు తీసికొని, చెడ్డది దానికి విడిచినవని నా యూహ.

తమిళమున ‘నాట్రం’ కథయు నిదియే. మన పొరుగూరు శ్రీవిల్లిపుత్తూరున వెలసిన ఆండాళ్, శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగున కీర్తించిన ఆ గోదాదేవియే, నాచ్చియార్ తిరుమొళియందు మాధవుని నోటి పరిమళ మెట్టిదని శంఖము నడుగుచు, ‘నాట్రం’ పుట్టిన ధాతువునే వాడినది. నేడు అదే ఊరి కోవెల ముంగిట మల్లెలమ్ము నామెతో, “అమ్మా, నీ పూలు నాట్రముగా నున్నవి” అని చూడుడు. దండ మాట దేవు డెరుగు, చెవులు మూసికొని రావలసి యుండును.