పెరుగుతోడు

మా యింట పాలు తోడుపెట్టు పని చిరకాలము మా అత్తగారిదిగనే యుండెను. వారు కాచిన పాలలో చిటికెనవ్రేలి కొన ముంచి, గోరువెచ్చగ నున్నవని తోచినప్పుడే తోడు వేయుచుండెడివారు. చదువుకొన్నవారమను గర్వముచే మేమది చాదస్తమని తలంచితిమి. ఒకమారు వారు తీర్థయాత్రకు వెళ్లగా, మేము పొయ్యిమీదినుండి దింపిన వెంటనే పాలలో తోడు వేసితిమి. మఱునాటి యుదయమునకు పెరుగు పేరుకొనలేదు. ఆనాడు ఇంటిల్లపాదియు మజ్జిగ లేకయే భోజనము ముగింపవలసివచ్చెను.

అప్పుడుగాని మేము కారణము విచారింపలేదు. తోడులో కంటికి కానరాని సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగ నుండును. ఇవి పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. ఆ పులుపు తగిలి పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టగా పెరుగు తయారగును. మిక్కిలి వేడికి ఈ జీవులు చచ్చును, చలికి మందగించును. కావుననే శీతకాలమున మన పెద్దలు గిన్నెకు గుడ్డ చుట్టి వెచ్చనిచోట నుంతురు. ఇడ్లీపిండి పొంగి పులియుటకును, తరవాణికుండ పుల్లనగుటకును ఇట్టి జీవులే ముఖ్యకారణము.

పాలు పులియుట సూక్ష్మజీవుల పనియని 1857లో ఫ్రాన్సుదేశపు లూయీ పాశ్చరు ప్రకటించెను. 1905లో బల్గేరియావాడగు స్టామెన్ గ్రిగొరోవు తన దేశపు పెరుగులోని జీవిని వర్ణించెను. పిమ్మట పారిసులోని మెచ్నికాఫు పండితుడు పులిసిన పాలు వార్ధక్యమును దూరము చేయునని బోధించి, తానును వానిని సేవించెను. 1908లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. అది రోగనిరోధశక్తిని గూర్చిన కృషికి వచ్చినదే గాని పెరుగునకు గాదు. ఆయన 1916లో 71 ఏండ్ల ప్రాయమున గతించెను. ఆ బల్గేరియా జీవి మన ప్రేగులలో స్థిరనివాసము చేయదని తరువాతివారు తేల్చిరి. అయినను పెరుగు మంచి ఆహారము. పాలు పడక కడుపుబ్బరించువారిలో పలువురకు పెరుగు సులభముగ జీర్ణమగును. పాలచక్కెరలో కొంత భాగమును ఈ జీవులే ముందుగ హరించి, మిగిలినదాని జీర్ణమునకును తోడ్పడును.

ఇవన్నియు చదివి మేము పెరుగునందు మితిమీరిన నమ్మకము పెంచుకొంటిమి. ఒక వేసవిలో మా రెండవ బిడ్డకు విరేచనములు పట్టుకొనగా, మజ్జిగయే చాలునని దినమంతయు గడపితిమి. సాయంకాలమునకు బిడ్డ కన్నులు లోతుకుపోయెను; నాలుక యెండెను; మూత్రము నిలిచెను. వైద్యురాలు మమ్ము మందలించి, లవణములును గ్లూకోజును గల ఓ.ఆర్.ఎస్. పొట్లమును నీట కలిపి చెంచాచెంచాగ త్రాగింపజేసినది. అర్ధరాత్రమునకు మూత్రము వెడలినది. ఆ రాత్రి మేము పడిన వేదన పగవారికిని వలదు.

పెరుగు పథ్యము కావచ్చును గాని, దేహమునుండి పోయిన నీటిని, లవణములను తగు పాళ్లలో తిరిగి నింపజాలదు. విరేచనములు మొదలైనప్పుడే ఓ.ఆర్.ఎస్. ఇయ్యవలెను. కాచి చల్లార్చిన నీటిని పొట్లముపై వ్రాసిన కొలత చొప్పుననే కలుపవలెను. చంటిబిడ్డకు తల్లిపాలు మానరాదు. బిడ్డ సోలిపోయినను, మూత్రము తగ్గినను వైద్యునొద్దకు పోవుటకు జాగుచేయరాదు.

ఇప్పుడు మేమును పాలలో చిటికెనవ్రేలు ముంచి చూచియే తోడు వేయుచున్నాము. వంటయింటి అలమారలో రెండు పొట్లములు ఎప్పుడును సిద్ధముగ నుంచుచున్నాము.