చూలాలి పళ్లెము

గర్భము ధరించిన స్త్రీ ఎంత తినవలెను, ఎంత బరువు పెరుగవలెను అను ప్రశ్నకు నేను పుట్టిన చీమకుర్తిలో ఒక సమాధానమును, నేను కాపురమున్న న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబముల నడుమ వేరొక సమాధానమును వినుచు వచ్చితిని. అక్కడి పెద్దలు మితముగా తినుమందురు. ఇక్కడి పెద్దలు ఇద్దరి తిండి తినుమందురు. ఈ యేడు మా కుటుంబమున ఇద్దరు పిల్లలు, ఇక్కడ నా కూతురును, చీమకుర్తిలో మా తమ్ముని కోడలును, ఇంచుమించు ఒకే కాలమున నెల తప్పుటచేత, ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నిలిపి పరిశీలించు అవకాశము నాకు కలిగినది.

సంక్రాంతికి నేను చీమకుర్తి వెళ్లునప్పటికి కోడలికి అయిదవ నెల. రామతీర్థము వైపు క్వారీలనుండి నల్లని గెలాక్సీ గ్రానైటు దిమ్మెలను మోసికొని లారీలు ఒంగోలు రోడ్డున పోవుచుండెను. చేలలో మిరపకాయ కోతలు మొదలై, ఆడకూలీలు తెల్లవారకమునుపే సద్ది కట్టుకొని ఆటోలెక్కుచుండిరి. మా తమ్మునిది లేనిల్లు కాదు. పాడి యున్నది, కందులు సొంత చేనివి. అయినను మధ్యాహ్నపు వడ్డన జరుగు క్రమమును నేను కూర్చుండి చూచితిని. మొదట మగవారు, పిదప పిల్లలు, ఊరినుండి వచ్చినదానను గనుక పిదప నేను, ఆపైన మా మరదలు. అందరి తరువాత, చల్లారిన అన్నముతోను గిన్నె అడుగున మిగిలిన గోంగూర పప్పుతోను ఆ పిల్ల. పెరుగు అప్పటికే అయిపోయినది. గుడ్డు ఉడకబెట్టనా అని నేనడుగగా, "చాల్లే పెద్దమ్మా" అని ఆమె తల వంచుకొనెను. మా మరదలు ప్రేమతోనే, "వద్దులే వదినా, ఇప్పుడు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై రేపు కానుపు కష్టమవుద్ది" అనెను.

ఆ మాటను మూఢత్వమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. మా నాయనమ్మ కాలమున కానుపు అడ్డము తిరిగినచో ఒంగోలు చేరుటకు ఎడ్లబండియే గతి. బిడ్డ చిన్నదైనచో తల్లి ప్రాణమైనను దక్కునన్న ఆశ, కన్నులార చూచిన మరణములనుండి పుట్టినది. ఇప్పుడు పిలిచిన 108 బండి వచ్చును, ఒంగోలులో వైద్యకళాశాల ఆసుపత్రి యున్నది. భయమునకు కారణము చాలవరకు తొలగినను భయము మాత్రము వంటింటిలో నిలిచిపోయినది. తల్లి కడుపు మాడ్చుకొన్నచో మొదట క్షీణించునది ఆమె శరీరమే. పిమ్మట, రెండున్నర కిలోలకు లోపు తూగు బిడ్డ పుట్టు ప్రమాదము పెరుగును. అట్టి బిడ్డకు తొలి దినములలో అంటురోగముల భయమును, పెరుగుదలలో వెనుకబాటును అధికముగా నుండుట వైద్యులందరు ఎరిగినదే.

పెరిగిన బరువంతయు కొవ్వేయని తలచువారు ఈ లెక్కను ఆలకింపవలెను. పన్నెండు కిలోలకు కొంచెము పైగా పెరిగిన ఆరోగ్యవతిలో బిడ్డ మూడు కిలోలకు పైన, మాయ సుమారు 650 గ్రాములు, ఉమ్మనీరు 800 గ్రాములు, ఎదిగిన గర్భాశయము రమారమి ఒక కిలో, అదనముగా చేరిన రక్తము కిలోన్నరకు కొంచెము తక్కువ, దేహమున నిలుచు నీరు కిలోన్నర, స్తనములు అరకిలోకు లోపు. మిగిలినది మూడు కిలోలకు పైబడిన కొవ్వు, పాలిచ్చు కాలమునకై ప్రకృతి ముందుగా కూడబెట్టిన నిధి. వీనిలో దేనిని తగ్గించి కానుపును సులభము చేయగలమో నాకు తోచదు.

అయితే ఈ లెక్క అందరికిని ఒక్కటి కాదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ప్రకటించిన పట్టిక, గర్భము నిలుచునాటికి ఎత్తునుబట్టి స్త్రీ ఎంత బరువున్నదో చూచి, ఎంత పెరుగవలెనో నిర్ణయించును. బక్కపలుచని స్త్రీ 12.5 మొదలు 18 కిలోలవరకు, సమమైన బరువుగలది 11.5 మొదలు 16 వరకు, అధిక బరువుగలది 7 మొదలు 11.5 వరకు, స్థూలకాయ 5 మొదలు 9 వరకు పెరుగుట క్షేమము. నా కూతురు మూడవ తరగతిలోనిది. మా తమ్ముని కోడలు మొదటి తరగతిలోనిది. అనగా చీమకుర్తి పిల్ల న్యూజెర్సీ పిల్లకంటె ఎక్కువ పెరుగవలెను. మా రెండిండ్లలోను జరుగుచున్నదో, సరిగా దీనికి తలక్రిందులు! పెరుగవలసినదానికి మితము బోధించుచున్నాము. మితము కావలసినదానికి కొసరి కొసరి వడ్డించుచున్నాము.

ఇక్కడి సీమంతములు చూచినవారికి నా మాట తెలియును. పుట్టిల్లు సముద్రముల కావల నుండుటచేత ఆ లోటు తీర్పవలెనని స్నేహితురాండ్రందరును తలా ఒక గిన్నె తెత్తురు; సున్నుండలు, బొబ్బట్లు, చలిమిడి, పులిహోర. ఆ వాత్సల్యమునకు నేను చేతులెత్తి నమస్కరింతును. కాని భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారము గర్భిణికి అదనముగా కావలసినది దినమునకు 350 కేలరీలు మాత్రమే; ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు, చిన్న పిడికెడు వేరుశనగ పప్పు తిన్నచో అది తీరిపోవును. ఆరవ నెల దాటిన పిమ్మట చేయు చక్కెర పరీక్షలో నా కూతురి రక్తమున చక్కెర అధికముగా కనబడినది. డాక్టరు ఆమెను పస్తుండుమనలేదు. అన్నము తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచుమనెను, ఒక్కసారిగా తినక కొద్దికొద్దిగా పలుమారులు తినుమనెను, భోజనానంతరము నడువుమనెను.

మనవారికి ఈ జాగ్రత్త మరింత ఎందులకు కావలెనో పూనాలో డాక్టరు యాజ్ఞిక్ బృందము చేసిన పరిశోధనవలన తెలిసినది. అక్కడి పల్లెల శిశువులు సగటున 2.7 కిలోలు తూగగా ఇంగ్లండులోని సౌథాంప్టన్ శిశువులు 3.5 కిలోలు తూగిరి. అంత చిన్నవారయ్యు మన శిశువులు కొవ్వు విషయమున మాత్రము అంతగా వెనుకబడలేదు, కండయే కొరవడినది. తల్లి గర్భమున అరకొర పోషణతో పెరిగిన దేహము, పిమ్మట సమృద్ధిలో పడినపుడు మధుమేహమునకు సులభముగా లోబడును. కనుక ఆకలి చేసిన కీడును అతిభోజనము సరిదిద్దదు.

తూకము ఎంత ముఖ్యమో, అది పెరుగు తీరు అంత ముఖ్యము. మొదటి మూడు నెలలు వేవిళ్లచేత ఒకటి రెండు కిలోలు మాత్రమే పెరిగినను చింత లేదు. పిమ్మట వారమునకు దాదాపు నాలుగైదు వందల గ్రాముల చొప్పున, అధిక బరువు గలవారైనచో అంతకంటె తక్కువగా, నిలకడగా పెరుగుట మేలు. ఒక్క వారములో కిలోకు మించి పెరిగి, ముఖము, చేతులు ఉబ్బి, తలనొప్పి వచ్చి, చూపు మసకబారినచో అది తిండివలన వచ్చిన బరువు కాదు. రక్తపోటు ముంచుకొనివచ్చుచున్న సూచన. అప్పుడు ఉప్పు తగ్గించి చూతమని ఇంట కూర్చుండక తక్షణము ఆసుపత్రికి పోవలెను.

బరువు పెరిగినంత మాత్రమున రక్తము పెరిగినట్లు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమందలి గర్భిణులలో సగము మందికి పైగా రక్తహీనులని తేలినది. ఇనుము మాత్రతోపాటు మింగు ఫోలిక్ ఆమ్లమును గూర్చి తలచినప్పుడెల్ల నాకు గర్వము కలుగును. 1928లో బొంబాయి వచ్చి గర్భిణుల రక్తహీనతను శోధించిన లూసీ విల్స్ ఆ పదార్థముయొక్క జాడను మొదట పట్టినది. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన పనిచేసిన లెడర్లీ ప్రయోగశాల యుండిన పెరల్ రివర్, న్యూజెర్సీ పొలిమేర నానుకొనియే కలదు. స్వదేశమునకు మరలిరాకయే 1948లో కన్నుమూసిన ఆ మహనీయుని శ్రమఫలము, నేడు చీమకుర్తి అంగన్‌వాడీలో ఉచితముగా లభించుచున్నది.

చూలాలికి పెట్టిన అన్నము వృథా కాదనుటకు మన తెలుగునేలనే సాక్ష్యమున్నది. 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు సమీపమునందలి కొన్ని పల్లెలలో గర్భిణులకును పసిపిల్లలకును మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మాను ప్రతిదినము పెట్టిరి. ప్రక్క పల్లెలలో అప్పటికి ఆ ఏర్పాటు లేదు. 2003-05లో ఆ పిల్లలను యౌవనారంభమున మరల పరీక్షింపగా, ఉప్మా పెట్టిన పల్లెలవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎదిగియుండిరి; వారి ధమనులును మేలుగా నుండెను. 2013లో అమృతహస్తమను పేర ఆంధ్రదేశమున ఆరంభమైన భోజన పథకములో అన్నము, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అంగన్‌వాడీ కేంద్రమునందే వడ్డించి అక్కడనే తినిపించిన యుక్తిని నేను మెచ్చుకొందును. ఇంటికి పంపిన గుడ్డు మగవాని పళ్లెములోనికో, పెద్దపిల్లవాని పళ్లెములోనికో పోవునని ఆ ఏర్పాటు చేసినవారు ఎరుగుదురు.

కనుక గర్భిణి తూకమును ఆమె ఒక్కతె బాధ్యతగా తలచుట అన్యాయము. ఆ అంకె వెనుక ఇంటిలో ఎవరు ముందు తిందురు, ఎవరు చివర తిందురు, నీళ్లబిందె ఎవరు మోయుదురు, మధ్యాహ్నము ఎవరికి కునుకు దొరకును అన్న సంగతులన్నియు దాగియున్నవి. విదేశములనుండి ఇంటికి ఫోను చేయు మనము ఎన్నవ నెల యని అడుగుదుము, డబ్బు పంపుదుము; ఈ పూట ఏమి తిన్నావు, ఎప్పుడు తిన్నావు, తల్లీబిడ్డల కార్డులో ఈ నెల బరువు ఎంత వ్రాసిరి అని కూడ అడుగవలెను. ఈ సంగతులన్నియు మా మరదలితో నెమ్మదిగా మాటలాడితిని. మగవారితోపాటే కోడలికిని వడ్డించుటకు ఆమె అంగీకరించినది.

అయినను అయిదవ నెలలో మొదలుపెట్టిన శ్రద్ధ ఆలస్యముగా వచ్చిన శ్రద్ధయే. గర్భము నిలుచునాటి బరువు, అంతకుముందు ఇరువది ఏండ్లు ఆ పిల్లకు పుట్టినింట వడ్డించిన అన్నమునుబట్టి యుండును. ఆడపిల్లకు అన్నతోపాటు, అన్నతో సమానముగా గుడ్డును, పాలును, పెరుగును పెట్టిన ఇల్లు, రాబోవు మనుమని బరువును అప్పుడే తీర్చిదిద్దుచున్నదని ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు తెలిసికొనవలెనని నా ప్రార్థన.